జోన్ ఫైల్‌లో స్టార్ రికార్డా, డీఎన్ఎస్‌మాస్క్‌లో అడ్రస్ లైనా?

డీఎన్ఎస్ అంటే సైట్ల పేర్లని ఐపీ అడ్రస్‌లుగా మార్చే వ్యవస్థ. ఒక డొమైన్ రికార్డులన్నీ రాసుండేది జోన్ ఫైల్, అందులో విడిగా రికార్డు లేని పేర్ల కోసం * గుర్తుతో రాసేది స్టార్ రికార్డు. డీఎన్ఎస్‌మాస్క్ ఏమో చిన్న నెట్‌వర్క్‌లకి వాడే డీఎన్ఎస్ సర్వర్, దాని సెట్టింగ్స్‌లో పేరుకి ఐపీ ఇచ్చేది అడ్రస్ లైన్. సబ్‌డొమైన్‌లన్నీ, అంటే మెయిన్ డొమైన్ కింద ఉండే పేర్లన్నీ, ఒకే ఐపీకి పంపాలంటే రెండూ పనికొస్తాయి గానీ మ్యాచింగ్ రూల్స్ మాత్రం అస్సలు ఒకటి కావు.

డీఎన్ఎస్‌మాస్క్ అడ్రస్ లైన్‌లో ఎగ్జాంపుల్ డాట్ కామ్ అని రాస్తే చాలు, మెయిన్ డొమైనూ వస్తుంది, దాని కింద ఎంత లోతులో ఉన్న పేరైనా వస్తుంది, స్టార్ కూడా అక్కర్లేదు, రెండు లైన్లు తగిలితే ఎక్కువ స్పెసిఫిక్‌గా ఉన్నదే గెలుస్తుంది.

బైండ్ అనే డీఎన్ఎస్ సర్వర్ వాడే జోన్ ఫైల్‌లో స్టార్ కొంచెం తిక్కది. మెయిన్ డొమైన్‌కి వర్తించదు, దానికి వేరే రికార్డు రాయాల్సిందే. మెయిల్ అనే పేరుకి టీఎక్స్‌టీ రికార్డు (ఐపీ కాకుండా ఏదో టెక్స్ట్ మాత్రమే ఉండేది) ఒక్కటే ఉందనుకోండి, ఐపీ అడిగితే స్టార్ రాదు, ఖాళీ జవాబొస్తుంది. అసలు మెలిక ఇంకోటుంది, ఏపీఐ డాట్ టెస్ట్ అని ఒక రికార్డు పెట్టారంటే మధ్యలో టెస్ట్ అనే పేరు కూడా ఉన్నట్టే లెక్క, దాంతో టెస్ట్‌కీ దాని కింద మిగతా పేర్లకీ పైనున్న స్టార్ పనిచేయదు. బగ్ కాదండోయ్, 2006లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4592 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో రాసే ఉంది.

ఇంట్లో ల్యాబ్‌కీ, యాడ్స్ బ్లాక్ చేయడానికీ నేనైతే కళ్లు మూసుకుని డీఎన్ఎస్‌మాస్కే అంటా. పబ్లిక్ డొమైన్‌కైతే జోన్ ఫైలే, కాకపోతే కొత్త రికార్డు పెట్టిన ప్రతిసారీ దాని పైపేర్లని కూడా ఓసారి డిగ్ (డీఎన్ఎస్ జవాబు అడిగి చూపించే కమాండ్) కొట్టి చూస్కోండి.