ఎం.ఎల్.ఎస్ మొత్తం యాపిల్ చేతిలో: కొన్ని సీజన్లు చూశాక

ఎం.ఎల్.ఎస్ (మేజర్ లీగ్ సాకర్) అంటే అమెరికా, కెనడా ఫుట్‌బాల్ లీగ్, దాని మ్యాచ్‌లు ఇప్పుడు యాపిల్ టీవీ యాప్‌లో వస్తాయి. పిక్చర్ బాగుందా, యాప్ ఏ టీవీలో వస్తుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, నేను వాటి జోలికి పోను. నాకు నచ్చింది ఒక్కటే: బ్లాకౌట్ (మన ఊరి టీమ్ మ్యాచ్‌ని మనకే రాకుండా ఆపేయడం) లేకపోవడం. అమెరికాలో డబ్బు కట్టి ఆటలు చూసేవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. బేస్‌బాల్ చూసేవాళ్ళని అడగండి, ఏళ్ళ తరబడి చందా కట్టి కూడా సొంత ఊరి టీమ్ మ్యాచ్ చూడలేకపోయిన కథలు చెప్తారు.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గరున్న ఫ్రిస్కోలో. ఎం.ఎల్.ఎస్ టీమ్ ఎఫ్.సి. డల్లాస్ ఆడేది మా ఊళ్ళోనే. 2022 వరకు ఎం.ఎల్.ఎస్‌లో కూడా ఇదే తంతు. వేరే ఊళ్ళ మ్యాచ్‌లు ఈఎస్‌పీఎన్ ప్లస్ అనే స్ట్రీమింగ్ యాప్‌లో వచ్చేవి, లోకల్ టీమ్ మ్యాచ్ మాత్రం లోకల్ ఛానెల్ హక్కు కాబట్టి అందులో రాదు. స్టేడియం పక్క వీధిలో ఉన్నవాడికి రానిది సియాటిల్‌లో ఉన్నవాడికి హాయిగా వచ్చేది. 2023 నుంచి యాపిల్ వాళ్ళు పదేళ్ళకి, దాదాపు రెండున్నర బిలియన్ డాలర్లకి, ప్రపంచం మొత్తానికీ హక్కులు కొనేశారు. మామూలుగా ఇలాంటి ఎక్స్‌క్లూజివ్ డీల్ అంటే చూసేవాడి జేబుకే చిల్లు, కానీ ఇక్కడ ఊరి గొడవ, ఛానెల్ గొడవ ఒక్క దెబ్బకి పోయాయి. సెలవులకి గుంటూరు వెళ్ళినా అదే అకౌంట్, అవే మ్యాచ్‌లు. ఇక్కడి శనివారం రాత్రి ఏడున్నర ఆట అక్కడ ఆదివారం పొద్దున్నే ఆరింటికి. నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుని "గంట నుంచి తన్నుకుంటున్నారు, ఒక్క గోల్ కూడా లేదేంట్రా" అంటారు, అయినా లేచి మాత్రం వెళ్ళరు.

ఇక 2023 ఆగస్టు 6 గురించి చెప్పాలి. లీగ్స్ కప్‌లో (ఎం.ఎల్.ఎస్, మెక్సికో లీగ్ టీమ్‌ల టోర్నీ) మెస్సీ మయామీ టీమ్‌తో ఫ్రిస్కో వచ్చాడు. టికెట్లు దొరకలేదు, దొరికినా ఆ రేట్లకి కొనే ధైర్యం లేదు. అప్పటిదాకా మా కాలనీలో ఎం.ఎల్.ఎస్ అంటే ఏంటని అడిగినవాళ్ళంతా "అన్నా, మీ ఇంట్లో వస్తుందట కదా" అని ఫోన్లు. మా ఆవిడ పులిహోర కలిపింది, పిల్లలు పది నంబర్ జెర్సీలు వేసుకున్నారు, హాల్లో కాలు పెట్టే చోటు లేదు. ఆరో నిమిషంలోనే మెస్సీ గోల్ కొట్టాడు. తర్వాత డల్లాస్ వాళ్ళు లేచి 3-1, కాసేపటికి 4-2. మా ఇంట్లో సగంమంది ఎవరి వైపు అరవాలో తెలియక ఇద్దరికీ అరుస్తున్నారు. 4-3 అయింది. ఎనభై అయిదో నిమిషంలో ఫ్రీ కిక్. మెస్సీ బంతి ముందు నిలబడ్డాడు, అందరూ ఊపిరి బిగబట్టారు, అప్పుడు నా ఫోన్, పక్కాయన ఫోన్, వాళ్ళ అబ్బాయి ఫోన్ ఒకేసారి టింగుమన్నాయి. స్టేడియంలో కూర్చున్న మా ఫ్రెండ్ వాట్సాప్ గ్రూపులో "గోల్ గోల్ గోల్" అని పెట్టాడు. టీవీలో మెస్సీ ఇంకా పరుగే మొదలుపెట్టలేదు! ఇంటర్నెట్‌లో వచ్చే ఏ లైవ్‌కైనా ఉండే జబ్బే ఇది, ఒక్క యాప్‌ని తిట్టి లాభం లేదు. కానీ ఆ ఫ్రీ కిక్‌ని మాత్రం మేం రిజల్ట్ తెలిసి చూశాం. 4-4 అయ్యి, పెనాల్టీల్లో మయామీ 5-3తో గెలిచింది. పెనాల్టీలకి ఫోన్లన్నీ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాం. ఇప్పటికీ ఊళ్ళో మ్యాచ్ ఉంటే ఆ గ్రూప్‌ని మ్యూట్ చేస్తాను.

పైన ఊరి గొడవ, ఛానెల్ గొడవ పోయాయన్నాను. లీగ్ మ్యాచ్‌ల వరకు అది నిజమే. ఉత్తర అమెరికా ప్రాంతపు క్లబ్‌ల టోర్నీ కాంకాకాఫ్ ఛాంపియన్స్ కప్ వస్తే మాత్రం మళ్ళీ ఫాక్స్ ఛానెళ్ళ వైపు పరిగెత్తాలి. ఇంకోటి, మ్యాచ్‌లు చాలావరకు లోకల్ టైమ్ ఏడున్నరకే పెడతారు కాబట్టి శనివారం ఒకేసారి బోలెడు ఆటలు నడుస్తుంటాయి. ఉన్నవి రెండు కళ్ళే కదా. గోల్ పడేచోటికల్లా తిప్పి చూపించే షో ఒకటి ఉంది, బాగుంటుంది, కానీ అది ఆట చూసినట్టు ఉండదు. అసలు సమస్య వేరే ఉంది. ఛానెల్ తిప్పుతుంటే అనుకోకుండా ఎం.ఎల్.ఎస్ తగలడం బాగా తగ్గిపోయింది. వెతుక్కుని వచ్చేవాడికే ఇది. మెస్సీ వచ్చిన రాత్రి మా ఇంటికొచ్చిన వాళ్ళలో తర్వాత చందా కట్టినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు.

డబ్బు సంగతికొస్తే నా మాట పూర్తిగా నమ్మకండి. ఎం.ఎల్.ఎస్ పాస్ సీజన్‌కి 99 డాలర్లు, యాపిల్ టీవీ చందా ఉంటే 79 ఉన్న రోజుల్లో మాకు టీ-మొబైల్ ఫోన్ ప్లాన్‌తో అది ఫ్రీగా వచ్చింది. 2026 నుంచి విడిగా పాస్ తీసేసి మామూలు యాపిల్ టీవీ చందాలోనే కలిపేశారు, నెలకి 12.99. పిల్లల షోల కోసం మా ఇంట్లో అది ఎలాగూ ఉంటుంది. జేబులోంచి 99 తీసి కట్టి ఉంటే ఇంత మెత్తగా రాసేవాడినో లేదో.

మీ ఊళ్ళో టీమ్ ఉండి, శనివారం సాయంత్రాలు ఖాళీగా ఉంటే తీసుకోండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగే కావాలంటే పీకాక్ అనే స్ట్రీమింగ్ యాప్ చూసుకోండి, కాకపోతే అన్ని మ్యాచ్‌లూ అందులో రావు. మెస్సీ కోసమే అయితే మయామీ షెడ్యూల్ చూసుకుని ఒక నెల కట్టి ఆపేయండి.