తాడిపత్రి రాతిపొడి తిన్న నల్ల కారుకు అనంతపురంలో పాలిష్: 14 నెలల తర్వాత రాస్తున్నాను

మాది తాడిపత్రి. నాపబండల పాలిష్ యూనిట్ నడుపుతాను. నాన్న పెట్టిన మిషన్ల మీదే ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. రాయికి మెరుపు ఎలా వస్తుందో, ఎలా పోతుందో నాకు తెలుసు. కారు పెయింటు కూడా దాదాపు అదే దారిలో నడుస్తుందని మాత్రం గత ఏడాది అనంతపురంలో ఒక షెడ్డులో నిలబడి చూసేదాకా నాకు తట్టలేదు.

2021లో నల్ల కారు కొన్నాం. నలుపు వద్దని ఇంట్లో అందరూ చెప్పారు. నాకు నలుపే కావాలి. పాలిష్ పట్టిన నల్లబండ మీద నీళ్లు పోస్తే అది ఎలా నిగనిగలాడుతుందో చూస్తూ పెరిగినవాణ్ణి.

మా యూనిట్ల వైపు వచ్చినవాళ్లకు అక్కడి గాలి సంగతి తెలుసు. రాతిపిండి తడిగా ఉన్నంతసేపు స్లర్రీ, ఎండితే తెల్లటి పొడి. అది చెట్ల ఆకుల మీద, మా చొక్కాల మీద, కారు మీద ఒకేలా పడుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది, కాబట్టి ఆ పొడిని కడిగే వాన కూడా తక్కువే. పైగా నాలుగు చినుకులు పడి ఆగిపోయే వాన ఇంకా చెడ్డది. పొడిని బురద చుక్కలుగా అతికించి పోతుంది.

ప్రతి ఆదివారం రోడ్డు పక్కన వాటర్ సర్వీసింగ్‌లో కడిగించేవాణ్ణి. పైపుతో నాలుగు దెబ్బలు, ఒకే బకెట్లో బట్టల సబ్బు పొడి, ఒకే పాత బనీను గుడ్డ. టైర్లు తుడిచిన గుడ్డే బానెట్ మీదికి వస్తుంది. ఆ తర్వాత కారు ఎండలోనే ఆరుతుంది. మూడేళ్లు ఇదే. పొద్దున పదింటికి ఎండలో నిలబెడితే బానెట్ మీద సూర్యుడి వెలుగు చుట్టూ గుండ్రంగా సాలెగూడు లాంటి గీతలు కనపడేవి. నలుపు కాస్తా బూడిద రంగుకు తిరిగింది. దాని మీద బోరు నీళ్ల చుక్కలు ఆరిన తెల్ల మచ్చలు వేరే.

మా బావమరిది గృహప్రవేశానికి ముందు ఒకచోట 'టెఫ్లాన్ కోటింగ్' అంటే చేయించాను. ఆ షాపు పేరు వద్దు. రెండు గంటల్లో కారు అద్దంలా చేసి ఇచ్చారు, 2,500 తీసుకున్నారు. నేనూ సంబరపడ్డాను. మూడు వారాలు, నాలుగు వాషింగ్‌లు. గీతలన్నీ తిరిగి వచ్చేశాయి. అప్పుడు నాకు మా పనే గుర్తొచ్చింది. సరిగ్గా పాలిష్ పట్టని బండకు నూనె రాసి అమ్మేవాళ్లు ఉన్నారు. లోడు దిగిన రోజు బాగుంటుంది. ఇంట్లో నాలుగుసార్లు తడిగుడ్డ పెడితే నూనె పోయి అసలు ముఖం బయటపడుతుంది. నా కారుకు జరిగింది అదే. గీతల్లో మైనం లాంటిది నింపారు, గీతల్ని తీయలేదు.

ఇప్పుడు అసలు షాపు గురించి. అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు. ఇద్దరు పనివాళ్లు, ఓనరు ముప్పై లోపు కుర్రాడు. పేరు కన్నా వాళ్లు పని ఎలా చేశారో వివరంగా రాస్తే, ఏ ఊరివాళ్లయినా తమ దగ్గరి షాపులో ఏమేం అడగాలో తెలుస్తుందని అదే రాస్తున్నాను.

కారు చూడగానే అతను రేటు చెప్పలేదు. బానెట్ మీద లైటు ఏటవాలుగా పట్టి చూసి, "అన్నా, ఈ కారు యాడ కడిగిస్తాండారు?" అని అడిగాడు. చెప్పాను. తర్వాత చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని డోరు మీద రాసి, నన్నూ రాయమన్నాడు. వట్టి చేత్తో నున్నగా అనిపించిన చోటే కవరుతో రాస్తే ఇసుక కాగితంలా గరగర తగిలింది. కడిగిన కారు అది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు.

ఆ తర్వాత ఒక చిన్న మీటరు తెచ్చి అన్ని పక్కలా పెయింటు మందం కొలిచాడు. టాప్ మీద, బానెట్ మీద 100 నుంచి 120 మైక్రాన్ల మధ్య వచ్చింది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎడమవైపు వెనక డోరు మీద 260. "ఈ డోరుకు మళ్లీ పెయింట్ పడిందన్నా" అన్నాడు. నిజమే. యూనిట్ గేటుకు రాసుకుంటే వేయించాం, అతనికి నేను చెప్పలేదు. ఆ 100, 120 మైక్రాన్లలో పైన ఉండే పారదర్శకమైన పొర, వాళ్లు క్లియర్ కోట్ అనేది, దాదాపు 40 మైక్రాన్లే. వెంట్రుక మందం కన్నా తక్కువ. కారు మెరుపంతా ఆ పొరలోనే ఉంటుంది. గీతలు పడేదీ దాని మీదే. పాలిష్ అంటే ఆ పొరను రెండు మూడు మైక్రాన్లు అరగదీసి చదును చేయడం. కాబట్టి ప్రతి ఏడాదీ చేయించుకునే పని కాదిది. మా బండ అంగుళం మందం ఉంటుంది, ఎన్నిసార్లు పట్టినా తట్టుకుంటుంది. ఇక్కడ చేతిలో ఉన్నది చాలా కొంచెం. మీటరు పెట్టకుండా మిషన్ పెట్టే షాపులో కారు ఇవ్వకండి.

శుక్రవారం పొద్దున కారు వదిలి బస్సులో తిరిగొచ్చాను. శనివారం మనసు ఆగక మళ్లీ వెళ్లి సగం రోజు అక్కడే కూర్చున్నాను.

మొదటి రోజంతా కడగడానికే సరిపోయిందట. ముందు గుడ్డ తగలకుండా నీళ్లు కొట్టి, నురగ చల్లి, ఐదు నిమిషాలు వదిలి, మళ్లీ నీళ్లు కొట్టారు. మట్టి చాలావరకు అక్కడే జారిపోయింది. తర్వాత రెండు బకెట్లు. ఒకదానిలో కారు షాంపూ, రెండోదానిలో వట్టి నీళ్లు. గ్లౌజు కారు మీద తిప్పిన ప్రతిసారీ వట్టి నీళ్ల బకెట్లో జాడించాకే షాంపూలో ముంచాలి. టైర్లకు వేరే గుడ్డ. తర్వాత ఒక మందు చల్లితే డోర్ల కింది భాగంలో ఊదారంగు చారలు కారాయట. బ్రేకుల నుంచి ఎగిరే ఇనుప రజను పెయింటులో గుచ్చుకుని ఉంటుంది, అది కరిగితే ఆ రంగు వస్తుంది. ఆ పైన క్లే. పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దలా ఉంటుంది. నీళ్లూ సబ్బూ చల్లుతూ దాన్ని మెల్లగా రాస్తే పెయింటుకు అంటుకున్నదంతా ముద్దలోకి వచ్చేస్తుంది. తీసిన ముద్ద నాకు చూపించాడు. తెల్లగా వెళ్లింది, సిమెంటు రంగులో బయటికొచ్చింది.

శనివారం నేను చూసింది పాలిష్. రబ్బరు అంచులకు, లైట్లకు టేపు వేశారు. నేను అనుకున్నట్టు మొత్తం కారు మీద ఒకేసారి మిషన్ తిప్పలేదు. బానెట్ మీద రెండు జానల చోటు టేపుతో గీసుకుని, ముందు అన్నిటికన్నా మెత్తని పాలిష్‌తో ప్రయత్నించాడు. గీతలు పోలేదు. అప్పుడు దానికన్నా ఒక మెట్టు గరుకు కాంపౌండు, వేరే ప్యాడ్ తీసుకున్నాడు. గీతలు పోయాయి కానీ సన్నటి మసక మిగిలింది. ఆ మసక మీద మళ్లీ మెత్తని పాలిష్, స్పాంజి ప్యాడ్‌తో. అప్పుడు నలుపు తేలింది. ఆ రెండు జానల చోటుకే ఇరవై నిమిషాలు.

మా పనీ ఇంతే కదా. మొదట గరుకు రాయి, తర్వాత అంతకన్నా మెత్తనిది, ఆ తర్వాత ఇంకా మెత్తనిది. రాయి గరుకును మేం నంబర్లతో చెప్పుకుంటాం. ఒక నంబరు వదిలిన గీతను తర్వాతి నంబరు తీయాలి. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే చివర ఎంతసేపు రుద్దినా ఆ గీత కనపడుతూనే ఉంటుంది. ఆ మాట అతనికి చెబితే, "కరెక్టన్నా, మా కాడా అంతే, కాకపోతే మేం గరుకుతో మొదలుపెట్టం, మెత్తదానితో పోతాదేమో ముందు చూస్తాం" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. తీయాల్సినదాని కన్నా ఎక్కువ తీయకూడదనే జాగ్రత్త అది.

కుడివైపు ముందు డోరు మీద ఒక లోతు గీత ఉంది. గోరు పెడితే ఆగుతుంది. దాన్ని కూడా తీసేయమన్నాను. "తీయమంటే తీస్తా. కానీ ఆడ కోటు పల్చగైపోతాది. రెండు ఎండాకాలాలకు పొర లేస్తాది. అప్పుడు నన్ను తిట్టుకుంటారు" అన్నాడు. అంచులు మాత్రం కాస్త మెత్తబరిచి వదిలేశాడు. డబ్బులిచ్చే మనిషికి కాదని చెప్పగలిగినందుకే నేను అతన్ని నమ్మాను.

చివర సెరామిక్ కోటింగ్, అంటే పెయింటు మీద పూస్తే గట్టిపడి కాపాడే పల్చటి పొర. పాలిష్ తాలూకు జిడ్డంతా స్పిరిట్ కలిపిన నీళ్లతో తుడిచేశాక, చిన్న సీసాలోంచి చుక్కలు చుక్కలుగా వేస్తూ కొంచెం కొంచెం భాగం పూశారు. పూసిన చోట ఇంద్రధనుస్సు రంగులు మెరిసి అణగగానే మెత్తని గుడ్డతో తుడిచేయాలి. ఆలస్యమైతే మచ్చగా గట్టిపడుతుంది. రాత్రంతా షెడ్డులోనే ఉంచారు, ఏడు రోజులు కడగొద్దన్నారు. దీని గురించి జనంలో పెద్ద పెద్ద మాటలు ఉన్నాయి, గీతలే పడవని, రాయి తగిలినా ఏమీ కాదని. ఇతను అవేమీ చెప్పలేదు. మన ఎండకు మామూలు వ్యాక్స్ రెండు నెలలు నిలిస్తే గొప్ప, ఇది జాగ్రత్తగా కడిగితే రెండేళ్లు, గీతలు మాత్రం తప్పుడు గుడ్డ పెడితే మళ్లీ పడతాయి, హైవే మీద రాళ్ల దెబ్బలు ఆగాలంటే పెయింటు మీద అంటించే పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్మ్ వేయించుకోవాలి, దాని రేటు చాలా ఎక్కువ. ఇంతే చెప్పాడు.

మొత్తం 14,500. అందులో కడగడం, పాలిష్ కలిపి 7,000, కోటింగ్ 7,500. చేతిలో డబ్బు తక్కువ ఉంటే మొదటి సగం చేయించుకుని, పైన మామూలు సీలెంట్ (వ్యాక్స్ లాగా పెయింటును కాపాడే పూత) ఏదైనా రాయించుకోండి. నేను డబ్బు పెట్టింది ఆ మొదటి సగం కోసమే అని ఇప్పుడు అనిపిస్తోంది. కోటింగ్ దాన్ని కాపాడుతోంది.

నచ్చనివీ ఉన్నాయి. ఆదివారం సాయంత్రం ఇస్తామన్న కారు సోమవారం మధ్యాహ్నం ఇచ్చారు. ముందే ఫోన్ చేసి చెప్పుంటే అరవై కిలోమీటర్లు వచ్చి కూర్చునేవాణ్ణి కాదు. నంబరు ప్లేటు సందులో, డోరు హ్యాండిళ్ల కింద తెల్లటి పాలిష్ పొడి మిగిలిపోయింది, ఇంటికొచ్చి పాత టూత్ బ్రష్‌తో తీశాను. బిల్లు అడిగితేనే రాసిచ్చారు. ఏ కంపెనీ కోటింగ్ వేశారో, ఏ తేదీన వేశారో కూడా ఆ బిల్లు మీద నేనే అడిగి రాయించుకున్నాను. షెడ్డులో ఫ్యాను గాలికి బయటి దుమ్ము లోపలికి వస్తుంది. కోటింగ్ వేసేటప్పుడు షట్టర్ దించారు గానీ, ఒక తెర కట్టుకుంటే ఇంకా బాగుంటుంది. అతనికీ ఈ మాట చెప్పాను.

ఇప్పటికి 14 నెలలు, రెండు ఎండాకాలాలు. బానెట్ మీద, టాప్ మీద నీళ్లు ముందంత గుండ్రంగా నిలవడం లేదు, కాస్త పరుచుకుంటున్నాయి. పక్కల మీద ఇంకా ముత్యాల్లా జారిపోతున్నాయి. లైటు పట్టి చూస్తే వెనక డిక్కీ మీద నాలుగైదు సన్న గీతలు. సాలెగూడు మాత్రం రాలేదు. నలుపు నలుపుగానే ఉంది.

ఇది నిలవడానికి ఇంట్లో మార్చుకున్న అలవాట్లే ఎక్కువ కారణం. కారును ఇప్పుడు నేనే కడుగుతాను, పొద్దున ఎండ రాకముందు, రెండు బకెట్లతో. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నీటి చుక్క ఆరిందంటే సున్నం మిగిలిందన్నట్టే. అందుకే ఒక్కో పక్క కడగగానే మందపాటి మైక్రోఫైబర్ టవల్‌తో అద్దుతాను. ఆర్‌ఓ మిషన్ నుంచి వేస్టుగా పోయే నీళ్లు కారుకు వాడేవాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు. పొదుపు మంచిదే. కానీ ఆ నీళ్లలో ఉప్పులు బోరు నీళ్ల కన్నా ఎక్కువ ఉంటాయి, తెల్ల మచ్చలు ఇంకా పడతాయి. వాటిని మొక్కలకూ పోయకండి, బాత్రూము కడగడానికి వాడుకోండి. ఎక్కడైనా కొత్తగా తెల్ల మచ్చ పడితే, వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలిపి గుడ్డ తడిపి అర నిమిషం పెట్టి, వెంటనే నీళ్లతో కడిగేస్తాను. పులుపుకు సున్నం కరుగుతుంది. మా బండ మీద నిమ్మరసం పడితే పాలిష్ పోయి మచ్చ పడేది కూడా ఇందుకే, అది సున్నపురాయి కాబట్టి. కారులో పెట్టుకునే బొచ్చు బ్రష్ తీసేశాను. పొడి దుమ్ము మీద దాన్ని ఆడిస్తే రాతిపొడితో రుద్దినట్టే. దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పడమూ మానేశాను, గాలికి ఆ కవరే రుద్దుతుంది. కాకి రెట్ట పడితే ఎండ ఎక్కేలోపే నీళ్లు పోసి నానబెట్టి తీస్తాను. మే నెల ఎండలో ఒక్క పూట వదిలితే పొరను తినేస్తుంది. ఒకసారి వదిలాను, ఆ మచ్చ టాప్ మీద ఇంకా ఉంది.

వచ్చే నెల కోటింగ్ మీద స్ప్రే సీలెంట్ కొట్టించుకోవడానికి వెళ్తున్నాను. 1,200 అన్నాడు. మిషన్ అవసరం లేదట. మీటరుతో కొలతలు మళ్లీ తీసి, బిల్లు మీద పాతవాటి పక్కనే రాసివ్వమని ఇప్పుడే ఫోన్‌లో చెప్పాను.