పాఠానికి ఏది మేలు: స్లైడ్‌లో చూపిన ఫొటోనా, విద్యార్థి తీసిన ఫొటోనా?

కాలేజీ పాఠంలో ఫొటో అనగానే చాలామందికి గుర్తొచ్చేది ప్రొజెక్టర్ మీద కదిలే స్లైడ్లే. ఇప్పుడు దాదాపు ప్రతి విద్యార్థి జేబులోనూ కెమెరా ఉంది కాబట్టి, ఫొటో తీసుకురమ్మని వాళ్లకే చెప్పొచ్చు. ఈ రెండూ కాక, పెన్సిలు పట్టించి బొమ్మ గీయించే పాత పద్ధతి ఉండనే ఉంది. నా ఓటు విద్యార్థి తీసిన ఫొటోకే. అయితే క్లిక్కుమనిపించి పడేసిన ఫొటోకి కాదు.

స్లైడ్‌ను తీసిపారేయడానికి లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు, అగ్నిపర్వతం లోపలి దృశ్యాలు, అరుదైన చర్మవ్యాధులు విద్యార్థి వెళ్లి తీయగలిగేవి కావు. చిక్కు ఎక్కడంటే, స్లైడ్ తెర మీదికి వచ్చేసరికే ఆలోచించాల్సిన పని సగం అయిపోయి ఉంటుంది. ఏది చూడాలో మాస్టారే తేల్చేసి, దాని పక్కన ఎర్ర బాణం కూడా పెట్టేస్తారు. విద్యార్థి ఆ బాణాన్నే గుర్తుపెట్టుకుంటాడు. పరీక్షలో బాణం లేని ఫొటో ఇస్తే తెల్లమొహం వేస్తాడు.

సివిల్ ఇంజనీరింగ్‌లో గోడ పగుళ్ల పాఠమే తీసుకుందాం. ఒక పగులును ఫొటో తీసుకురమ్మంటే మొదటిసారి వచ్చేది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. దూరం నుంచి గోడంతా పడేలా, ఫ్లాష్ వేసి తీసిన ఫొటో. ఫ్లాష్ వెలుగు ఎదురుగా పడటంతో గోడ మీది ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. పగులు వెడల్పు ఎంతో తెలియదు, ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ రెండు ప్రశ్నలూ అడిగి మళ్లీ పంపండి. ఈసారి పక్కన స్కేలు పెడతారు, ఫ్లాష్ ఆపుతారు, వెలుతురు పక్క నుంచి పడేవేళ చూసి దగ్గరగా తీస్తారు. అప్పుడు అసలు సంగతి కనిపిస్తుంది. పగులు కిటికీ మూల దగ్గర మొదలై, ఇటుకల సందుల వెంట మెట్లుమెట్లుగా ఏటవాలుగా పోతోంది. పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతోంది. ప్లాస్టర్ ఆరేటప్పుడు పడే సన్నటి పగుళ్లు ఇలా ఉండవు. పునాది ఒకపక్క ఎక్కువ దిగిందేమో అన్న అనుమానం విద్యార్థికి తనంతట తనకే వస్తుంది. ఇదే ఫొటో స్లైడ్‌లో చూపిస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది, ఆ అనుమానం కూడా మాస్టారిదే అయ్యేది.

మరి కెమెరా చేతికిస్తే చాలా? చాలదు. మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ విద్యార్థులను ఒక ఆర్ట్ మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఫొటో తీయమన్నారు, కొన్నింటిని ఊరికే చూడమన్నారు. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో, ఫొటో తీసిన వస్తువులే మర్నాటికి తక్కువగా గుర్తున్నాయని తేలింది. ఫోన్‌లో ఉందిలే అన్న ధీమా కొద్దీ బుర్ర చూడటం మానేస్తుందేమో! కానీ అందులోనే ఇంకో సంగతీ ఉంది. వస్తువులో ఏదో ఒక భాగం మీదికి జూమ్ చేసి తీయమన్నప్పుడు ఆ నష్టం కనిపించలేదు. బ్లాక్‌బోర్డును టకటకా ఫొటో తీసుకుని వెళ్లిపోయే అలవాటుకీ, స్కేలు పెట్టి పగులును తీయడానికీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

పెన్సిలు ఈ పోటీలో అనుకున్నంత వెనకబడదు. వాటర్లూ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, పదాన్ని రాసుకున్నవాళ్ల కంటే దాని బొమ్మ గీసినవాళ్లకే ఎక్కువ పదాలు గుర్తున్నాయి. బొమ్మ బాగా కుదరకపోయినా అంతే. ఎముక ఆకారం, పువ్వు అడ్డుకోత, కణజాలం అమరిక లాంటివాటికి నేనైతే ఫోన్ పక్కన పెట్టించి బొమ్మే గీయిస్తాను. గీసేటప్పుడు ఏ గీతా దానంతటదే రాదు కదా. అదే రంగు, మెరుపు, కదలిక, కాలంతో వచ్చే మార్పు కావాలంటే పెన్సిలు వల్ల కాదు. మొలకెత్తే విత్తనాన్ని రోజూ ఒకే చోటు నుంచి, ఒకే ఎత్తు నుంచి తీస్తే వచ్చే వరుసకు ఏ బొమ్మా సాటిరాదు.

సోషల్ వర్క్, నర్సింగ్, ప్రజారోగ్యం చదివేవాళ్లకు ఇంకో తరహా ఉంది. 1990లలో కారొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ చైనాలోని యునాన్‌లో పల్లె మహిళలకే కెమెరాలిచ్చి, తమ బతుకును తామే తీసి చూపించమన్నారు. ఫొటోవాయిస్ అనే ఈ పద్ధతిలో ఫొటో కంటే దాని చుట్టూ జరిగే చర్చే అసలు పాఠం. మనుషుల ముఖాలు పడే చోట ముందే అనుమతి తీసుకోవడం కూడా పాఠంలో భాగమే. రోగుల విషయంలోనైతే మరీను.

డీఎస్ఎల్ఆరా, ఫోనా అన్న వాదనకు ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు. ఫొటో జర్నలిజం లాంటి కోర్సులు వదిలేస్తే ఫోన్ చాలు.

అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు మాత్రం గట్టిగా ఉండాలి. మూడు ఫొటోలకు మించి వద్దనండి, ఎన్ని తీసినా ఏరుకోవడం వాళ్ల పని. ఒక్కోదాని కింద ఏం కనిపిస్తోంది, దాన్నిబట్టి ఏమనుకుంటున్నారు అన్నవి విడివిడిగా రెండు వాక్యాల్లో రాయమనండి. ఒకరి ఫొటోనే నలుగురు పంపుతారన్న టెన్షన్ ఉంటే అసలు ఫైలే అడగండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన సమయం, చోటు లాంటి వివరాలు ఎగిరిపోతాయి. ఫొటో ఎంత అందంగా ఉన్నా దానికి మార్కులు వేయకండి, ఆ రెండు వాక్యాలకే వేయండి.