పెన్‌డ్రైవ్‌లో యాప్స్, పెన్‌డ్రైవ్‌లో లినక్స్, గూగుల్ డాక్స్: ఏది మేలు?

నాకు సొంత ల్యాప్‌టాప్ లేదు. చిత్తూరులో ఇంట్లో తమ్ముడి పాత డెస్క్‌టాప్, తిరుపతిలో రూమ్మేట్ ల్యాప్‌టాప్, అది ఖాళీ లేకపోతే బాలాజీ కాలనీ వైపు ఒక నెట్ సెంటర్. వారంలో రెండుసార్లు ఆ బస్సు ఎక్కే నాకు పనంతా జేబులోనే ఉండాలి. అందుకే ఈ మూడు పద్ధతులూ వాడి చూశాను.

ముందు పోర్టబుల్ యాప్స్. లిబ్రే ఆఫీస్ (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాం), ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ లాంటివాటికి పోర్టబుల్ రకాలు, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచేవి, ఉచితంగా దొరుకుతాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి ఎక్కించుకుంటే, విండోస్ కంప్యూటర్‌కి గుచ్చి డబుల్ క్లిక్ చేయడమే. ఇన్‌స్టాల్ గోల లేదు, బుక్‌మార్కులూ సెట్టింగులూ మనతోనే వస్తాయి. "ఏ కంప్యూటర్‌లోనైనా" అంటారు గానీ, అది కొంచెం ఎక్కువ చెప్పడమే. మ్యాక్‌లో ఈ ఫైళ్లు నడవవు. బయటి ప్రోగ్రాములు తెరవకుండా కట్టడి చేసిన ఆఫీసుల్లోనూ అంతే.

తెలుగులో పని చేసేవాళ్లకు అసలు తలనొప్పి ఫాంట్లు. ఒకసారి పెళ్లి కరపత్రం శీర్షికకు రామభద్ర ఫాంట్ పెట్టి తీసుకెళ్లాను. సెంటర్‌లో ఆ ఫాంట్ లేదు. అక్షరాలు వేరే ఫాంట్‌లోకి మారి, ముహూర్తం లైను రెండో పేజీకి జారిపోయింది! లిబ్రే ఆఫీస్‌లో ఫైల్ మెనూ, ప్రాపర్టీస్, ఫాంట్ ట్యాబ్‌కి వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్ దగ్గర టిక్ పెడితే ఫాంట్ ఫైల్‌తోపాటే వస్తుంది. ప్రింట్ మాత్రమే కావాలంటే పీడీఎఫ్ చేసుకోవడం ఇంకా సులువు.

లోపమల్లా వేగం. చవక యూఎస్‌బీ 2.0 డ్రైవ్ నుంచి లిబ్రే ఆఫీస్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. 3.0 డ్రైవ్ కొని నీలం రంగు పోర్టులో పెట్టాక ఆ బాధ చాలావరకు తీరింది.

ఇక లైవ్ లినక్స్. అంటే విండోస్ బదులు, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే వేరే ఆపరేటింగ్ సిస్టమ్. వెంటాయ్ అనే ఉచిత ప్రోగ్రాంతో డ్రైవ్ సిద్ధం చేసి, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఐఎస్ఓ ఫైల్, అంటే సిస్టమ్ మొత్తం ఉండే ఒకే ఫైల్, కాపీ చేస్తే చాలు, కంప్యూటర్ దాని నుంచే బూట్ అవుతుంది. తమ్ముడి డెస్క్‌టాప్‌లో విండోస్ పాడైన రోజు ఫైళ్లు బయటికి లాగింది దీనితోనే. అక్కడి విండోస్ అసలు లేవదు కాబట్టి, అందులో పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాం ఉన్నా దానికి పని ఉండదు. పోర్టబుల్ ఫైర్‌ఫాక్స్ ఈ రక్షణ ఇవ్వలేదు, అది నడిచేది ఆ విండోస్ మీదే కదా.

కానీ నెట్ సెంటర్‌లో రీస్టార్ట్ చేసి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి ఎఫ్12 నొక్కి చూడండి. ఓనర్ పరిగెత్తుకొచ్చాడు: "ఆ నల్ల స్క్రీన్ ఏంది నా? కస్టమర్లు ఉండారు!" పైగా అక్కడి ప్రింటర్ లినక్స్‌లో పలకలేదు. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ కోసం సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌ను బూట్ కానివ్వని రక్షణ) ఆపితే, తర్వాత విండోస్ 48 అంకెల బిట్‌లాకర్ కీ (డిస్క్‌కు వేసిన తాళం తీసే అంకెలు) అడిగింది. కీ అతని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికేదాకా ఇద్దరికీ టెన్షనే.

గూగుల్ డాక్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నెట్ ఉంటే బాగుంటుంది, యూనికోడ్ తెలుగుకు ఇబ్బంది లేదు. ఊరివాళ్ల కంప్యూటర్‌లో మన జీమెయిల్ తెరిచి, లాగౌట్ చేశానా లేదా అని బస్సులో గుర్తుచేసుకోవడమే నాకు నచ్చదు.

నా ఓటు పోర్టబుల్ యాప్స్‌కే. బ్యాంకు పని మాత్రం ఫోన్‌లోనే. ఒకసారి సెంటర్ నుంచి తెచ్చిన డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ బాణం గుర్తు షార్ట్‌కట్లుగా మారాయి. అది వైరస్ పని. అసలువి దాచేసి ఉన్నాయి, విండోస్‌లోని ఆట్రిబ్ కమాండ్‌తో బయటికి తీశాను. అప్పటినుంచి అక్కడి నుంచి తెచ్చిన డ్రైవ్‌ను స్కాన్ చేయందే ఏ ఫోల్డరూ తెరవను.

లినక్స్‌నీ వదులుకోలేదు. వెంటాయ్ డ్రైవ్‌లో మామూలు ఫైళ్లు కూడా పెట్టుకోవచ్చు కాబట్టి ఉబుంటు పక్కనే పోర్టబుల్ యాప్స్ ఫోల్డర్ ఉంది. ఆదివారం చిత్తూరు వెళ్లినప్పుడు ఆ ఫోల్డర్‌ను డెస్క్‌టాప్‌లోకి కాపీ చేస్తాను. పోయిన నెల పెన్‌డ్రైవ్‌ను బస్సులో పోగొట్టుకుంటే, మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది మూడు రోజుల పని మాత్రమే.