జాగ్రత్త: "ట్యూబ్ స్టేషన్ పక్కనే" అని చెప్పి లండన్ గదికి వైజాగ్‌లోనే డబ్బు కట్టించుకుంటున్నారు

ఈ ఏడాది పిల్లల్ని చదువుకి లండన్ పంపుతున్న మన విశాఖ తల్లిదండ్రులు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ద్వారకానగర్, సిరిపురం వైపు కన్సల్టెన్సీలకు వెళితే అడ్మిషన్, వీసాతో పాటు గది కూడా ఇక్కడే బుక్ చేసి పెడతామంటున్నారు. "ట్యూబ్ (అంటే లండన్ మెట్రో రైలు) స్టేషన్‌కి నాలుగు నిమిషాల నడక, కాలేజీకి అరగంట" అన్న ఒక్క మాట మీద అద్దె పెంచి చెబుతున్నారు, డిపాజిట్ కూడా ఇక్కడే తీసుకుంటున్నారు. మా అమ్మాయి 2023 సెప్టెంబర్‌లో వెళ్లింది. మేమూ అలాగే కట్టాం. ఆ చలికాలమంతా తను పడిన అవస్థ, దాని వెనక ఉన్న కారణం, డబ్బు కట్టేముందు అడగాల్సిన విషయాలు రాస్తున్నాను. కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. పేరు ఏదైనా అమ్మే పద్ధతి ఇదే కాబట్టి, పద్ధతి తెలిస్తే మీకు చాలు.

మాకు చూపించిన గది తూర్పు లండన్‌లో గ్యాంట్స్ హిల్ అనే చోట. సెంట్రల్ లైన్ అనే ట్యూబ్ మార్గం మీద ఉంటుంది. కౌన్సెలర్ అమ్మాయి లాప్‌టాప్ మా వైపు తిప్పి ముందు గది కాదు, స్టేషన్ ఫొటో చూపించింది. భూమి కింద పొడవాటి హాలు, పైన గుండ్రంగా వంగిన కప్పు, రెండు పక్కలా వరసగా స్తంభాలు. మాస్కో మెట్రోని చూసి స్ఫూర్తి పొంది చార్లెస్ హోల్డెన్ అనే ఆర్కిటెక్ట్ వేసిన డిజైన్ అది. 1947లో తెరిచారు. నిజంగానే అందంగా ఉంటుంది. "ఆంటీ, ఇక్కడ ఎక్కితే హోల్బోర్న్‌లో దిగడమే, మధ్యలో మారే పని కూడా లేదు" అంది. కాలేజీ ఆ హోల్బోర్న్ దగ్గరే. మన ఊళ్లో గాజువాక నుంచి మద్దిలపాలెం రావడానికి బస్సులో ఎంత నరకమో మనకు తెలుసు. మెట్రో లేని ఊరివాళ్లకి "మెట్రో పక్కనే" అంటే ఎంత బరువైన మాటో వాళ్లకీ బాగా తెలుసు. అదే లండన్‌లో స్టేషన్‌కి దూరంగా ఉన్న గదుల కంటే అద్దె బాగా ఎక్కువ చెప్పారు. నెలకు 650 పౌండ్లు.

చెప్పిన నడక దూరం నిజమే. స్టేషనూ నిజమే. రైలు రావడమే సమస్య అయింది.

నవంబర్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. "అమ్మా, బోర్డు మీద సివియర్ డిలేస్ అని ఉంది", "అమ్మా, వచ్చిన బండిలో కాలు పెట్టే చోటు లేదు, వదిలేశాను". మొదట్లో చలికాలం కదా, మంచు వల్లనేమో అనుకున్నాం. కాదు. బండ్లే లేవు. స్టేషన్ సిబ్బంది దాచకుండా మైకులో చెప్పేవారట, రైళ్ల కొరత వల్ల సర్వీసులు తగ్గాయని. లండన్ పత్రికల్లో కూడా అప్పటికే వచ్చింది. 2024 మొదట్లో అయితే ఆ లైనుకి రైళ్లు తగ్గించి తాత్కాలిక టైమ్ టేబుల్ పెట్టారు. నా కోపం రైలు నడిపేవాళ్ల మీద కాదు. వాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఇవేవీ చెప్పకుండా ఇక్కడ కూర్చుని "అరగంటే" అని డబ్బు తీసుకున్నవాళ్ల మీద.

అంత పెద్ద నగరంలో రైళ్లు లేకపోవడమేమిటని నాకు అర్థం కాలేదు. మా పెద్దన్నయ్య ఇక్కడి ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన వివరంగా చెప్పాడు. సెంట్రల్ లైన్ మీద నడిచేవి 1992 స్టాక్ అనే బండ్లు. 1993 నుంచి తిరుగుతున్నాయి. ఒక్కో బండికి ఎనిమిది పెట్టెలు, మొత్తం 85 బండ్లు. వాటి కింద ఉన్నవి పాతకాలపు డి.సి. ట్రాక్షన్ మోటార్లు, అంటే చక్రాలను తిప్పే మోటార్లు. డి.సి. మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించడానికి కార్బన్ బ్రష్‌లు కమ్యుటేటర్‌ని (ఆ తిరిగే భాగం మీదున్న రాగి పలకల చుట్టుని) రాసుకుంటూ ఉంటాయి. బ్రష్ అరుగుతుంది, ఆ నల్లపొడి లోపలే పేరుకుంటుంది, కమ్యుటేటర్ మీద నిప్పురవ్వలు లేస్తాయి, ఇన్సులేషన్ పాడవుతుంది. "ఫ్లాష్ ఓవర్ అయితే, అంటే లోపల కరెంటు మంటలా ఎగసిపడితే, మోటార్ దించాల్సిందే. దించితే బండి షెడ్డులో ఉండాల్సిందే. మార్చడానికి బాగుచేసిన మోటార్ రెడీగా లేకపోతే ఆ బండి అక్కడే" అన్నాడు అన్నయ్య. ముప్పై ఏళ్లు దాటిన బండికి విడిభాగాలు దొరకడం కూడా కష్టమే. వరసగా మోటార్లు పోతుంటే, బాగుచేసే వేగం కంటే పాడయ్యే వేగం ఎక్కువైతే, పొద్దున లైను మీదకి పంపడానికి బండ్లు చాలవు. అక్కడ జరిగింది ఇదే.

మన దగ్గర కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం లాగే ఇంజన్లతో అన్నయ్య ఈ బ్రష్‌ల గొడవంతా ఏళ్ల తరబడి చూశాడు. త్రీఫేజ్ ఇంజన్లు వచ్చాక ఆ బెడద పోయింది, ఎందుకంటే ఎ.సి. మోటార్‌లో బ్రష్‌లే ఉండవు. లండన్‌లోనూ ఇప్పుడు చేస్తున్నది అదే. ఒక్కో బండినీ తీసుకుని డి.సి. మోటార్లు పీకేసి ఎ.సి. మోటార్లు పెడుతున్నారు. అలా మార్చిన మొదటి బండి 2023 ఆఖర్లో ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ మార్చడానికి తీసుకున్న బండి కూడా ఆ కాలమంతా లైను మీద ఉండదు కదా. 85 బండ్లకు ఈ పని ఏళ్ల మీద సాగేది. ఇప్పుడు గది చూస్తున్నవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

ఇవే బండ్లకు మోటార్ కథ పాతదే. 2003 జనవరి 25న చాన్సరీ లేన్ స్టేషన్ దగ్గర నడుస్తున్న బండి కింద నుంచి మోటార్ ఊడి పడి పెట్టెలు పట్టాలు తప్పాయి. ముప్పై మందికి పైగా గాయపడ్డారు. అన్ని బండ్లనూ పరీక్షించి సరిచేసేదాకా దాదాపు మూడు నెలలు లైను మూసేశారు. ఇదేమీ రహస్యం కాదు. ఆ లైను పేరు చెప్పి గదులు అంటగట్టి బతికేవాళ్లకు ఇది తెలియదంటే నేను నమ్మను.

ఇంకో ముఖ్యమైన విషయం మ్యాప్ చూస్తే కనబడుతుంది, ఇక్కడ ఎవరూ చూపించరు. సెంట్రల్ లైన్ తూర్పు వైపు లేటన్‌స్టోన్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒక దారి ఎప్పింగ్ వైపు, రెండోది గ్యాంట్స్ హిల్, న్యూబరీ పార్క్ మీదుగా హైనాల్ట్ వైపు. అంటే సిటీ నుంచి వచ్చే బండ్లు అక్కడ పంచుకుని రెండు దారుల్లో పోతాయి. లేటన్‌స్టోన్‌లోనో స్ట్రాట్‌ఫర్డ్‌లోనో నిలబడితే రెండు దారుల బండ్లూ మీకు వస్తాయి. చీలిక దాటాక ఉన్న స్టేషన్లో ఒక దారివే వస్తాయి. మామూలు రోజుల్లో ఇది పెద్ద తేడా అనిపించదు. బండ్లు తగ్గిన రోజున ఒక సర్వీసు రద్దయితే చీలిక అవతల ఉన్న పిల్ల దాదాపు రెండింతలు నిలబడాలి. మా అమ్మాయి గది చీలిక అవతలే. లండన్‌లో నడిబొడ్డు నుంచి బయటికి పోయేకొద్దీ జోన్ నంబరు, దాంతో ఛార్జీ పెరుగుతాయి. ఇది జోన్ 4 కాబట్టి ఛార్జీ కూడా ఎక్కువ.

"కాసేపు ఆలస్యమైతే ఏమైంది" అని కన్సల్టెన్సీవాళ్లు మాతో అన్నారు, అందుకే ఇది కూడా రాస్తున్నాను. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలకు హాజరు చాలా ముఖ్యం. క్లాసు మొదలయ్యాక వెళితే కార్డు స్వైప్ చేసినా లేటుగా పడుతుంది. హాజరు తగ్గితే యూనివర్సిటీ నుంచి మెయిల్ వస్తుంది, స్పాన్సర్ చేసేది వాళ్లే కాబట్టి ఆ మెయిల్ చూస్తే పిల్లలకు ఎంత టెన్షనో చెప్పలేను. టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు. ఆ కాసిన్ని గంటల పనిలో షిఫ్టుకి లేటుగా వెళితే ఆ గంటకి జీతం ఉండదు, రెండుసార్లు అయితే షిఫ్టే ఇవ్వరు. మా అమ్మాయి చివరికి బస్సులో ఇల్ఫర్డ్ వెళ్లి అక్కడ ఎలిజబెత్ లైన్ ఎక్కడం మొదలుపెట్టింది. 2022లో తెరిచిన కొత్త లైను అది, బండ్లూ కొత్తవే. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగి హోల్బోర్న్ దాకా నడిచేది. వాళ్లు అరగంట అన్నది గంట దాటింది. పొద్దున చీకట్లో బయల్దేరి వెళ్లే ఆడపిల్ల ఇంకా కాలేజీకి చేరలేదంటే ఇక్కడ మనకు ముద్ద దిగుతుందా?

కన్సల్టెన్సీకి వెళ్లి అడిగితే "రైళ్లతో మాకేం సంబంధం మేడమ్, గది బాగానే ఉంది కదా" అన్నారు. డబ్బు తీసుకునేటప్పుడు ఆంటీని, అడిగేటప్పటికి మేడమ్‌ని అయ్యాను. రైలు చూపించి అద్దె పెంచినప్పుడు రైలుతో సంబంధం ఉంది, ఫిర్యాదు వచ్చేసరికి లేదు. ఏడాదికి అగ్రిమెంటు, మధ్యలో ఖాళీ చేసే క్లాజు లేదు. కాబట్టి గడువు అయ్యేదాకా ఉండక తప్పలేదు.

ఇక డబ్బు సంగతి. ఇది అందరూ జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే ఇందులో మన హక్కులు గట్టిగానే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి టెనెంట్ ఫీజ్ యాక్ట్ (అద్దెకున్నవాళ్ల దగ్గర ఏమేం తీసుకోవచ్చో చెప్పే చట్టం) అమల్లో ఉంది. గది పట్టి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దెకు మించకూడదు. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే అసలు డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు. అడ్మిన్ ఫీజు, రిఫరెన్స్ ఫీజు లాంటివి అద్దెకున్నవాళ్ల దగ్గర తీసుకోనే కూడదు. మా లెక్కలో నెలకు 650 అంటే వారానికి 150 పౌండ్లు, అయిదు వారాలకు 750. మా దగ్గర తీసుకున్నది రెండు నెలల అద్దె, 1,300. పైన "అడ్మిన్" అని వేరే. ఇంటి ఓనరు అదే ఇంట్లో ఉండకుండా బయట ఉంటే సాధారణంగా ఆ డిపాజిట్‌ని 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టి, ఆ వివరాలు పిల్లల చేతికి ఇవ్వాలి కూడా. మావాళ్లు పెట్టలేదు.

మా అమ్మాయి ఈ చట్టం పేరు రాసి, అక్కడి కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) వినియోగదారుల ఫిర్యాదులు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్ విభాగానికి ఫిర్యాదు చేస్తానని అక్కడి ఏజెంటుకి మెయిల్ పెట్టింది. అడ్మిన్ ఫీజు, ఎక్కువ తీసుకున్న డిపాజిట్ వెనక్కి వచ్చాయి. ఇక్కడ వైజాగ్‌లో "అకామడేషన్ సర్వీస్" అని రూపాయల్లో తీసుకున్నది మాత్రం ఇంకా రాలేదు. దానికి రసీదు మీద "కౌన్సెలింగ్" అని రాసిచ్చారు. మీకు రసీదు ఇస్తే ఏ పనికి ఎంత అన్నది అక్కడే రాయించుకోండి. రాయం అంటే కట్టకండి.

లండన్ ఒక్కటే కాదు. మన పిల్లలు ఎంతోమంది బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నారు. అక్కడి మెట్రో ఎల్లో లైన్ 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. పట్టాలు, స్టేషన్లు సిద్ధంగా ఉన్నా బండ్లు రాక ఎంతకాలం ఆగిందో వాళ్లనే అడగండి. చివరికి 2025 ఆగస్టులో తెరిచినప్పుడు ఉన్నవి మూడే బండ్లు, 25 నిమిషాలకు ఒకటి. ఆ లైను పేరు చెప్పి అద్దెలు మాత్రం అంతకుముందే పెంచారు. మన మధురవాడ, కొమ్మాది వైపు ఫ్లాట్లు చూస్తున్నవాళ్లకు కూడా ఇదే చెబుతాను. విశాఖ మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లని బ్రోషర్లో వేసి చదరపు అడుగుకి రేటు పెంచితే, బండి తిరగని లైనుకి మీరు ఇప్పుడే డబ్బు కడుతున్నట్టు.

లండన్ గదికి వస్తే, కట్టేముందు వాళ్లను ఆ స్టేషన్ పేరు అడిగి మీరే చూసుకోండి. ఆ స్టేషన్ మీద ఒకే లైను ఉందా, నడకలోనో ఒక బస్సులోనో రెండో లైను ఉందా అన్నది అన్నిటికంటే ముఖ్యం. స్ట్రాట్‌ఫర్డ్‌లో సెంట్రల్, జూబిలీ, ఎలిజబెత్ లైన్లు, డి.ఎల్.ఆర్. అనే చిన్న రైళ్ల లైను అన్నీ ఉన్నాయి కాబట్టి ఒకటి ఆగినా పిల్లలు ఆగరు. టి.ఎఫ్.ఎల్. (లండన్ రైళ్లు, బస్సులు నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రతి లైను స్థితి ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. అక్కడ పొద్దున ఎనిమిదంటే చలికాలంలో మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. వేసవిలో పన్నెండున్నర. ఆ వేళకి వారం రోజుల పాటు మీ ఫోన్లోనే చూడండి, కౌన్సెలర్ మాట కంటే అది నమ్మకమైనది. వీలైతే మొదటి రెండు మూడు వారాలకు తాత్కాలికంగా ఎక్కడైనా ఉండి, పిల్లలే స్వయంగా క్లాసు టైముకి ఆ దారిలో వెళ్లి చూశాక అగ్రిమెంటు మీద సంతకం పెట్టేలా చూడండి. పెట్టేటప్పుడు ఆరు నెలలకు ఖాళీ చేసే బ్రేక్ క్లాజు అడగండి.

ఇప్పటికే ఆ లైన్ల మీద ఉన్న పిల్లలకు ఒక మాట చెప్పండి. టి.ఎఫ్.ఎల్. తప్పిదం వల్ల ట్యూబ్ ప్రయాణం 15 నిమిషాలు, అంతకు మించి ఆలస్యమైతే ఆ సంస్థే ఛార్జీ వెనక్కి ఇస్తుంది. 28 రోజుల్లోగా ఆన్‌లైన్లో అడగాలి. పద్ధెనిమిదేళ్లు దాటిన విద్యార్థులకు స్టూడెంట్ ఆయిస్టర్ కార్డు (లండన్ ప్రయాణాలకు వాడే స్మార్ట్ కార్డు) తీసుకుంటే ట్రావెల్ కార్డు, అంటే పాస్ మీద 30 శాతం తగ్గుతుంది, అది కూడా కన్సల్టెన్సీలో మాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి గడువు తీరగానే ఎలిజబెత్ లైన్ మీద ఫారెస్ట్ గేట్‌కి మారింది. ఈసారి ముందుగా దారి చూసుకుని, ఒక వారం అద్దె మాత్రమే హోల్డింగ్ డిపాజిట్‌గా కట్టింది.