సకురా రాలిపోయాక జపాన్

పిల్లల వేసవి సెలవులు మే నెలలో వస్తాయి కాబట్టి, మార్చి చివర పూసే సకురా, అంటే చెర్రీ పూలు, మాకు అందవని జపాన్ ప్రయాణాన్ని చాలాకాలం వాయిదా వేస్తూ వచ్చాము. చివరికి ఆ పూల మీద ఆశ వదులుకుని, మా అమ్మ, పదేళ్ల మా అమ్మాయి, నేను మే 3 నుంచి 16 వరకు టోక్యో, క్యోటోలలో గడిపి వచ్చాము. మన దగ్గర భరణి, కృత్తిక కార్తెల ఎండలు మండే ఆ రోజుల్లో అక్కడ పగలు 23, 24 డిగ్రీలకు మించలేదు. వానల కాలం జూన్‌లో గాని మొదలుకాదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇంతకన్నా మంచి కాలం ఉండదని నా నమ్మకం.

అయితే తేదీల విషయంలో మేము ఒక పొరపాటు చేశాము. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు దగ్గరదగ్గరగా వచ్చే జాతీయ సెలవులను అక్కడ గోల్డెన్ వీక్ అంటారు. దేశమంతా ప్రయాణంలో ఉండే ఆ వారంలో హోటల్ గదుల ధరలు బాగా పెరుగుతాయి. మే 7 తరువాత దిగి ఉంటే ఖర్చు తగ్గేది.

ఆ రద్దీలోనే మే 4న తొచిగి ప్రాంతంలోని అషికాగా పూల తోటకు వెళ్లాము. 150 ఏళ్లు దాటిన ఒక ఫుజీ (విస్టీరియా) పూల తీగను 1996లో వేరేచోటి నుంచి తరలించి ఇక్కడ నాటారు. దాని పందిరి ఇప్పుడు సుమారు వెయ్యి చదరపు మీటర్లు పరుచుకుంది. మేము వెళ్లేసరికి ఊదా గుత్తులు రాలుతున్నాయి, తెల్లవి మాత్రం నిండుగా ఉన్నాయి. పసుపు గుత్తుల సొరంగంలోకి అడుగుపెట్టగానే అమ్మ "ఇవి రేల పూలే కదే!" అంది. అవి రేల కావు గాని, ఆ వేలాడే తీరు అచ్చం అదే. పూత ఎంత ఉంటే అంత ధర అన్నట్టు ఇక్కడ ప్రవేశ రుసుము రోజురోజుకూ మారుతుంది. ఆ పద్ధతి నాకు న్యాయంగా తోచింది. ఊదా పూలే ముఖ్యమనుకునేవారు ఏప్రిల్ చివరి వారంలో వెళ్లాలి.

మరునాడు మే 5, పిల్లల పండుగ. ఇళ్ల ముందు, నదుల మీద గుడ్డతో కుట్టిన కార్ప్ చేపలు గాలికి ఎగురుతుంటాయి. ఓక్ ఆకులో చుట్టిన కషివా మోచీ అనే బియ్యప్పిండి మిఠాయి తింటే లోపలి తీపి ఎర్రచిక్కుడు ముద్ద మన పూర్ణాన్నే గుర్తుచేసింది. కొత్త చిగురు వచ్చేదాకా పాత ఆకు రాలదు కాబట్టి, వంశం నిలవాలన్న కోరికతో ఆ ఆకును వాడతారట. ఆ సాయంత్రం టోక్యోలో మా బస దగ్గరి సెంతో, అంటే వీధి స్నానశాలకు వెళ్లాము. పెద్దలకు 550 యెన్లు. బట్టలన్నీ విడిచి, ముందు ఒళ్లు శుభ్రంగా రుద్దుకుని, ఆ తరువాతే తొట్టిలోకి దిగాలి. అమ్మ చాలాసేపు సంకోచించింది. తొట్టిలో కత్తుల్లాంటి పొడవాటి ఆకుల కట్టలు తేలుతున్నాయి. ఒక ఆకు నలిపి వాసన చూసి, "ఇది వస!" అంది. నిజంగానే, వాళ్లు షోబూ అనే ఆ మొక్క మన వసే. మన ఇళ్లలో మాటలు రావాలని పసిపిల్లల నాలుకకు రాసే వస, అక్కడ పిల్లల పండుగనాడు చెడు సోకకుండా స్నానపు నీటిలో పడుతుంది. ఈ ప్రయాణం మొత్తంలో ఏది మరిచిపోయినా ఆ వేడినీటి వాసన మరిచిపోలేను.

మే 7న క్యోటోకు వెళ్లాము. పెట్టెలను ముందురోజే తక్క్యూబిన్ అనే సామాను చేరవేత సేవ ద్వారా పంపితే, మేము చేరేసరికి గదికి వచ్చి ఉన్నాయి. ఆ దేశంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సేవ ఇదే. విదేశీయుల ఏడు రోజుల రైలు పాస్ 2023 అక్టోబరులో 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు టికెట్ సుమారు 14,000 యెన్లే కాబట్టి మాలా ఒకవైపే వెళ్లేవారికి పాస్ దండగ.

బస విషయంలో నిరాశ కూడా ఎదురైంది. ఒక్కరాత్రి కోసం ఎక్కువ డబ్బు పెట్టి ర్యోకాన్‌లో, అంటే సంప్రదాయ జపాన్ సత్రంలో, దిగాము. చాపల నేల, పరుపుల అమరిక, పలకరింపు అన్నీ బాగున్నాయి. కానీ శాకాహారమని ముందే రాసినా, రాత్రి భోజనంలో పులుసులన్నీ ఎండుచేప రసంతో చేసినవే. అమ్మ అన్నం, ఊరగాయ ముక్కలతో సరిపెట్టుకుంది. మర్నాడు ఒక బౌద్ధాలయంలో దొరికిన షోజిన్ ర్యోరి, అంటే సన్యాసుల శాకాహార భోజనం, ఆమెకు తృప్తినిచ్చింది. శాకాహారులు ర్యోకాన్‌లో గది మాత్రమే తీసుకోవడం మేలు.

క్యోటో దగ్గరి తేయాకు ఊరు ఉజికి ఒక పూర్తి రోజు ఇవ్వాలి. 1053లో కట్టిన బ్యోదోయిన్ బౌద్ధాలయపు ఫీనిక్స్ మండపం పది యెన్ల నాణెం మీద కనిపించేదే. లోపలికి వేరే టికెట్, నిర్ణీత సమయం ఉంటాయి కాబట్టి వెళ్లగానే అది తీసుకోవాలి. అక్కడి పాత పంచాంగపు వసంతారంభం నుంచి 88వ రాత్రి, అంటే మే 2 ప్రాంతం, తేయాకు కోతకు గురుతు. అప్పటికి మంచు భయం పోతుందని రైతుల లెక్క. కార్తెలను బట్టి విత్తనాలు చల్లే మనకు ఆ లెక్క కొత్తగా అనిపించదు. మేలురకం తోటలకు కోతకు ముందు కొన్ని వారాలు నీడ కప్పుతారు. ఎండ తగ్గితే ఆకులో వగరు తగ్గి రుచి నిలుస్తుంది. ఆ ఏటి కొత్త టీ గోరువెచ్చని నీటిలో తాగించారు. చక్కెర, పాలు లేకుండానే మా అమ్మాయి రెండో కప్పు అడిగింది.

మే 15న క్యోటోలో అవోయి మత్సురి అనే పండుగ ఊరేగింపు చూశాము. ప్రాచీన రాజాస్థాన వేషాల్లో 500 మందికి పైగా, తలలకు అవోయి ఆకులు అలంకరించుకుని, రాజప్రాసాదం నుంచి షిమొగామో మీదుగా కమిగామో ఆలయానికి నడుస్తారు. డబ్బు కట్టి కూర్చునే వరుసలున్నా, మేము కామో నది గట్టున చెట్లనీడలో నిలబడి ఉచితంగానే చూశాము. మేళతాళాల హోరు లేదు. ఎద్దుబండి చక్రాల కిర్రుమనే చప్పుడు చాలాసేపు వినిపించింది. తరువాత కమిగామో దగ్గరి ఓతా ఆలయం కొలనుకు నడిచాము. నీలి ఐరిస్ పూలు నీళ్ల నిండా ఉన్నాయి, మనుషులు పదిమంది కూడా లేరు. అమ్మ ఆ గట్టున పొద్దు వాలేదాకా కూర్చుంది.