ట్రోమ్సో డాగ్ స్లెడ్జింగ్, నార్తర్న్ లైట్స్ ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

యూకేలో ఉన్న మన తెలుగు వాళ్ళ కోసం రాస్తున్నా. డిసెంబర్ సెలవులకి నార్వేలోని ట్రోమ్సో వెళ్దామని, వాట్సాప్ గ్రూపులో ఎవరో "మన వాళ్ళే" అమ్ముతున్న ప్యాకేజీకి అడ్వాన్స్ పంపబోతుంటే ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. మేము పోయిన డిసెంబర్ మొదటి వారంలో వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, మా ఆరేళ్ళ బాబు. ముగ్గురికీ కలిపి విమానం టికెట్లు కాకుండానే 2,150 పౌండ్లు అయింది. ఏజెంటు పేరు రాయను. రాస్తే గొడవంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది, రేపు ఇంకొకరు ఇంకో పేరుతో ఇదే సరుకు అమ్ముతారు.

ముందే చెప్తున్నా, నార్తర్న్ లైట్స్ (రాత్రి ఆకాశంలో పచ్చగా కదిలే వెలుగులు, వాటినే అరోరా అంటారు) కనపడలేదని కాదు నా బాధ. ఆకాశం మన మాట వినదని మాకూ తెలుసు. తెలిసిన సంగతి మాకు చెప్పకుండా దాచారు, అదీ నా కోపం.

మాకు పంపిన ఫోటోల్లో ఎండ మెరుస్తోంది, మోకాళ్ళ లోతు మంచు, దాని మీద హస్కీ కుక్కలు చక్రాలు లేని స్లెడ్జ్ బండిని లాక్కుపోతున్నాయి. అవి డిసెంబర్ ఫోటోలు అయ్యే అవకాశమే లేదని అప్పుడు మాకు తట్టలేదు. ట్రోమ్సోలో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు అసలు పైకి రాడు, మధ్యాహ్నం రెండు మూడు గంటల పాటు నీలం రంగు మసక వెలుతురు ఉంటుంది, అంతే. అది కూడా బాగానే ఉంటుంది లెండి, మా బాబుకి తెగ నచ్చింది. కానీ ఎండ, గట్టి మంచు రెండూ కావాలంటే ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చిలోనో వెళ్ళాలి. పైగా ఆర్కిటిక్ సర్కిల్‌కి అంత పైన ఉన్నా, వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ఆ ఊరు మనం అనుకున్నంత చల్లగా ఉండదు. మేము దిగిన రోజు సున్నా దాటి రెండు డిగ్రీలు, సన్నటి వాన. రోడ్డు పక్కన బురద.

రెండో రోజు పొద్దున డాగ్ స్లెడ్జింగ్. మాకు చెప్పింది "సెల్ఫ్ డ్రైవ్, పది పన్నెండు కిలోమీటర్లు, ఒకరు నడుపుతారు, ఒకరు కూర్చుంటారు, మధ్యలో మారొచ్చు" అని. అక్కడికి పోయాక చూస్తే చక్రాల బండి! మంచు లేనప్పుడు కుక్కలకి ట్రైనింగ్ ఇవ్వడానికి వాడే ఇనప బండి. అందులో మమ్మల్ని కూర్చోబెట్టి ఓ పావుగంట బురదలో తిప్పి దింపారు. కుక్కలని మాత్రం ఏమీ అనలేను. బయల్దేరే ముందు ఊరంతా వినపడేలా అరుస్తాయి, తాడు వదలగానే ఒక్కసారిగా నోరు మూసుకుని పరుగే పరుగు. ఆ నిశ్శబ్దం కోసం మళ్ళీ వెళ్తాను.

అసలు కథ అక్కడే బయటపడింది. కుక్కల్ని పెంచే వాళ్ళు చాలా మర్యాదస్తులు. కాఫీ ఇస్తూ, "మంచు లేదు, చక్రాల బండే ఉంటుంది, వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తాం అని మూడు రోజుల క్రితమే మీ ఏజెంటుకి మెయిల్ పెట్టాం కదా, మీరు సరే అన్నారని చెప్పారే" అన్నారు. మేమెప్పుడు సరే అన్నాం? మా ఆయన అక్కడే నిలబడి ఏజెంటుకి ఫోన్ చేస్తే, "అక్కకి చెప్పానే అన్నా" అన్నాడు. నాకు ఒక్క మెసేజ్ కూడా రాలేదు. పైగా గోడ మీద వాళ్ళ రేట్ల బోర్డు ఉంది, మేము కట్టినదాంట్లో ఇంచుమించు సగం. "థర్మల్ కిట్" అని మనిషికి 40 పౌండ్లు విడిగా తీసుకున్నాడు కదా, ఆ సూట్లు, బూట్లు వాళ్ళు అందరికీ ఊరికే ఇస్తున్నారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది మా పని.

ఇక ఆ రాత్రి "అరోరా ఛేజ్". ఛేజ్ అంటే ఏంటో తెలుసుకోండి, ఎందుకంటే మోసమంతా ఆ మాటలోనే ఉంది. ట్రోమ్సో సముద్రం ఒడ్డున ఉంటుంది, మబ్బు ఎక్కువ. అందుకని మంచి గైడ్లు మబ్బు లేని చోటు వెతుక్కుంటూ లోపలికి పోతారు. లింగెన్ పర్వతాల అవతల షీబోట్న్ లోయ వైపు వాన తక్కువ, ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. అక్కడా ఆకాశం తేటగా లేకపోతే ఇంకా ముందుకి ఫిన్లాండ్‌లోని కిల్పిస్‌యార్వి దాకా కూడా పోతారు, అందుకే పాస్‌పోర్టు వెంట తెచ్చుకోమంటారు. మా వ్యాన్ ఊరు దాటి పక్క దీవిలో ఓ పార్కింగ్ దగ్గర ఆగింది, ఇక కదల్లేదు. దగ్గర్లో వీధి దీపాలు, పైన దట్టమైన మబ్బు. గైడ్ లేడు, డ్రైవరే గైడ్. చలిమంట అన్నారు, అదీ లేదు. "వేరే చోటికి పోదామా" అని అడిగితే "ఈరోజు కేపీ 2 మాత్రమే, ఎక్కడికి పోయినా లాభం లేదు" అన్నాడు.

అది తప్పు. ఈ కేపీ అనేది సున్నా నుంచి తొమ్మిది దాకా ఉండే లెక్క, సౌర తుఫాను భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఎంత కదిలిస్తోందో చెప్తుంది. లండన్‌లో లైట్లు కనపడాలంటే అది బాగా ఎక్కువ ఉండాలి. ట్రోమ్సో మాత్రం లైట్లు ఎక్కువగా వచ్చే వలయం కిందే ఉంది కాబట్టి ఒకటి, రెండు ఉన్నా కనపడొచ్చు. అక్కడ చూసుకోవాల్సింది మబ్బు. మర్నాడు హోటల్లో టిఫిన్ దగ్గర ఒక పూణే ఫ్యామిలీ కలిశారు, అదే రాత్రి వేరే వ్యాన్‌లో షీబోట్న్ పోయి తెల్లవారుజామున నాలుగింటికి వచ్చారట. వాళ్ళ ఫోటోలు చూసి మా బాబు "మనం ఎందుకు వెళ్ళలేదమ్మా" అన్నాడు. ఏం చెప్పను?

ఇంకో మెలిక ఉంది. "లైట్లు కనపడకపోతే రెండో రాత్రి ఫ్రీ" అని గ్యారంటీ ఇచ్చాడు. డ్రైవర్ ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టి మబ్బుని ఫోటో తీశాడు, అందులో ఓ మూల కొంచెం పచ్చగా కనపడింది. కంటికి ఏమీ లేదు, బూడిద రంగు మబ్బే. కానీ ఏజెంటు లెక్కలో మేము "చూసేసినట్టే". గ్యారంటీ ఇచ్చే వాళ్ళని ఇదొక్కటి రాతలో అడగండి: కంటికి కనపడాలా, కెమెరాకి కనపడితే చాలా?

డబ్బు సంగతి. "బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తే ఐదు శాతం తగ్గిస్తా అక్కా" అంటే అతని సొంత అకౌంటుకి పంపేశాం. వంద పౌండ్లు ఆశపడి చేసిన ఈ పనే మమ్మల్ని ముంచింది. అదే క్రెడిట్ కార్డు మీద నేరుగా కంపెనీకి కట్టి ఉంటే, వంద పౌండ్లు దాటిన కొనుగోలుకి యూకే చట్టంలోని సెక్షన్ 75 కింద డబ్బు వెనక్కి ఇమ్మని కార్డు బ్యాంకునే అడగొచ్చు. మాకు ఆ దారి లేదు. రసీదు అడిగితే వాట్సాప్ స్క్రీన్‌షాట్ పంపాడు.

మనది ఇండియన్ పాస్‌పోర్టు అయితే యూకే వీసా ఉన్నా నార్వేకి షెంగెన్ వీసా విడిగా కావాలి, దాని అపాయింట్‌మెంట్ కోసం పడే టెన్షన్ మీకు తెలుసు. వీసా చేతికొచ్చాక ఇక వెనక్కి తగ్గమని వీళ్ళకీ తెలుసు. మిగతా సగం డబ్బు సరిగ్గా అప్పుడే అడుగుతారు.

ఇప్పటికి నాలుగు సార్లు ఫోన్ చేశాం. మొదటిసారి "ఆకాశం దేవుడి చేతిలో ఉంటుంది కదా అక్కా" అన్నాడు. నాలుగోసారి థర్మల్ కిట్ డబ్బులు 120 పౌండ్లు ఇస్తానన్నాడు, అవి కూడా రాలేదు.

ఈ చలికాలానికి ఇలా ఎవరి ద్వారా అయినా ఇప్పటికే బుక్ చేసుకున్న వాళ్ళుంటే, కుక్కల వాళ్ళ పేరు, వ్యాన్ కంపెనీ పేరు ఈరోజే అడిగి తెలుసుకుని, వాళ్ళకి నేరుగా మెయిల్ పెట్టండి: మా పేరు మీద ఏం బుక్ అయింది, మంచు లేకపోతే ఏం చేస్తారు, డబ్బు ఎవరికి వెనక్కి వస్తుంది అని. పేర్లు చెప్పడానికి ఏజెంటు నసిగితే మిగతా సగం పంపకండి.